చర్లపల్లిలో పోయిన ఇన్సర్ట్‌లు: ‘ఎవరు’ అన్న ప్రశ్నను పక్కనపెట్టాక

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్ దాటి చర్లపల్లి పారిశ్రామికవాడ వైపు వెళ్తే వచ్చే మెషినింగ్ యూనిట్లలో అదొకటి. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ లేత్‌లు, మిల్లింగ్ మెషిన్లు, రెండు షిఫ్టులు. హౌస్‌కీపింగ్, గేటు సిబ్బందితో కలిపి సుమారు 140 మంది. 2023 ఎండాకాలంలో నేర నివారణ మీద పనిచేసే నన్ను యజమాని పిలిపించారు. నేను కుర్చీలో కూర్చోగానే ఆయన అన్న మొదటి మాట: "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీరు పట్టివ్వాలి."

యూనిట్‌ను, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను. పని జరిగిన తీరు మాత్రం మార్చలేదు.

పోతున్నవి కార్బైడ్ ఇన్సర్ట్‌లు. ఈ రంగం తెలియనివాళ్ల కోసం ఒక మాట. లోహాన్ని కోసే టూల్ చివర బిగించే చిన్న ముక్క అది. బొటనవేలి గోరంత ఉంటుంది. టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేస్తారు, కొన్నిటికి పైన బంగారు రంగు పూత ఉంటుంది. పదేసి చొప్పున చిన్న ప్లాస్టిక్ పెట్టెల్లో వస్తాయి. ఒక్కోటి వందల రూపాయలు. అంచులన్నీ అరిగిపోయాక కూడా దాని విలువ పూర్తిగా పోదు. అందులోని టంగ్‌స్టన్ కోసం తుక్కు వ్యాపారులు కిలోల లెక్కన కొంటారు. చొక్కా జేబులో నాలుగు పెట్టెలు పడతాయి, పైకి కనిపించవు కూడా. ఆరు నెలలకోసారి జరిగే స్టాక్ లెక్కలో 74 పెట్టెలు తక్కువ వచ్చాయి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అన్న సామెత ఆ స్టాక్ లెక్కకు అక్షరాలా సరిపోయింది.

యజమాని పరిష్కారం కూడా ముందే ఆలోచించి పెట్టుకున్నారు. ఉన్న 24 కెమెరాలకు మరో 32 కలపడం. గేటు దగ్గర ప్రతి కార్మికుణ్నీ ఒళ్లంతా తడిమి చూడటం. నైట్ షిఫ్టులో ఉన్న "బయటి రాష్ట్రాల పిల్లల" మీద కన్నేయడం. వీటికి నా రిపోర్టు ఒక ముద్రలా ఉపయోగపడాలని ఆయన కోరిక.

మొదటి వారంలో నేను చేసిన తప్పు

స్టాక్ తగ్గిన నెలల్లో నైట్ షిఫ్టు ఎవరెవరు చేశారో జాబితా కావాలని ఆయన అడిగారు. హాజరు రిజిస్టర్ చూసి ఇచ్చాను. ఆ కాగితం ఆఫీసు గది దాటకూడదని చెప్పలేదు. దాటదని అనుకున్నాను. మర్నాటికల్లా షాప్‌ఫ్లోర్ అంతా తెలిసిపోయింది. జాబితాలో పేరున్న ఒక ఒడిశా కుర్రాడు, మిల్లింగ్ మీద మంచి చేయి తిరిగినవాడు, రావలసిన జీతం తీసుకుని వెళ్లిపోయాడు. అతనికి ఈ వ్యవహారంతో ఏ సంబంధమూ లేదని ఐదు వారాల తర్వాత తేలింది. అప్పటికి అతని ఫోన్ నంబరు మారిపోయింది.

ఆ కుర్రాడి మీద అనుమానం పడేలా చేసింది నా జాబితానే. అప్పట్నుంచి ఏ కేసులోనైనా, వస్తువు ఎలా పోతోందో తేలేదాకా మనుషుల పేర్లతో ఏ కాగితమూ నేను తయారు చెయ్యను.

ఇలా పని చెయ్యడం నేను కనిపెట్టింది కాదు. 1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అనే ఇద్దరు అమెరికన్ సమాజశాస్త్రవేత్తలు ఒక మాట చెప్పారు. నేరం జరగాలంటే మూడు ఒకేచోట, ఒకే సమయానికి కలవాలి: చెయ్యాలనుకునే మనిషి, చేతికందే వస్తువు, అడ్డుకోగలవాళ్లు అక్కడ లేకపోవడం. మూడింటిలో ఏ ఒక్కదాన్ని తప్పించినా నేరం ఆగుతుంది. మనం మాత్రం ఎప్పుడూ మొదటిదాని వెంటే పరిగెత్తుతాం. మనిషి మనసును మార్చడం ఆ మూడింటిలోనూ కష్టమైనది, వస్తువును, చోటును మార్చడం తేలిక. అదే సంవత్సరం హెర్మన్ గోల్డ్‌స్టీన్ పోలీసుల గురించి ఇలాంటిదే చెప్పాడు: ఒక్కో ఫిర్యాదు వెంట విడివిడిగా పడకండి, వాటి వెనకున్న సమస్య ఏమిటో చూడండి. తర్వాత 1987లో జాన్ ఎక్, విలియం స్పెల్మన్ దాన్ని నాలుగు మెట్లుగా పేర్చారు: సమస్యను గుర్తించడం, విశ్లేషించడం, చర్య తీసుకోవడం, ఫలితం కొలవడం. నేను చూసిన సెక్యూరిటీ ఆడిట్లలో చాలావరకు మొదటి మెట్టు నుంచి మూడోదానికి దూకుతాయి. కెమెరాలు అమ్మేవాళ్లకు కావలసింది ఆ దూకుడే.

ఎక్కడ అమ్ముడుపోతుంది?

నేర నివారణ పరిశోధనలో రోనాల్డ్ క్లార్క్‌ది పెద్ద పేరు. దొంగలు ఎలాంటి వస్తువుల్ని ఇష్టపడతారో 1999లో ఆయన ఆరు లక్షణాలుగా చెప్పాడు: దాచడానికి వీలైనది, తీసుకుపోవడానికి వీలైనది, అందుబాటులో ఉన్నది, విలువైనది, వాడుకుంటే సుఖాన్నిచ్చేది, తేలిగ్గా అమ్ముడుపోయేది. ఇన్సర్ట్‌ను ఈ జాబితా పక్కన పెట్టి చూస్తే ఒకటి తప్ప అన్నీ సరిపోయాయి. ఇంట్లో ఇన్సర్ట్ పెట్టుకుని ఎవరూ సుఖపడరు. అంటే తీసినవాడు దాన్ని అమ్మితీరాలి. అయితే ఎక్కడ?

బాలానగర్‌లోని సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్)లో టూల్ డిజైన్ చదువుకున్న ఒక మిత్రుణ్ని వెంటపెట్టుకుని ఒక పూటంతా దీని మీదే కూర్చున్నాను. దారులు రెండే అని ఆయన తేల్చాడు. ఒకటి, సీల్ ఉన్న పెట్టెను చిన్న జాబ్‌వర్క్ షాపుకు సగం ధరకు ఇవ్వడం. రెండు, తుక్కులో కలిపి పంపించి బయట వేరు చేసుకోవడం. మొదటిదానికి పెట్టె పెట్టెలాగే గేటు దాటాలి. రెండోదానికి గేటు అడ్డమే కాదు, ఎందుకంటే తుక్కు బండికి గేటును మనమే తెరుస్తాం.

ఆరు నెలల స్టాక్ లెక్కతో ఇందులో ఏదీ తేలదు. అందుకని స్టోర్స్‌లో ఎక్కువ కదిలే ఎనిమిది రకాల ఇన్సర్ట్‌లను మాత్రం నాలుగు వారాల పాటు రోజుకు రెండుసార్లు లెక్కపెట్టించాను. ఐదు నిమిషాల పని. నోట్‌బుక్కులో రెండు గడులు: చివరిసారి సరిపోయిన సమయం, తగ్గిందని తెలిసిన సమయం. ఆ రెండింటి మధ్య ఎప్పుడో పోయింది. అంతకు మించి తెలిసినట్టు నటించకూడదు. ‘శుక్రవారం రాత్రి పోయింది’ అని ఎవరో గట్టిగా అంటారు, మనం శుక్రవారం రాత్రి మనుషుల్ని పట్టుకుంటాం, అసలు సంగతి అక్కడే దారి తప్పుతుంది.

నాలుగు వారాలయ్యేసరికి ఒకటి కాదు, రెండు వేర్వేరు బొమ్మలు కనిపించాయి.

మొదటిది మామూలు రోజుల్లో సాయంత్రం లెక్కకీ పొద్దుటి లెక్కకీ మధ్య. ఎనిమిదికి స్టోర్స్ మూసేస్తారు. నైట్ షిఫ్టులో ఇన్సర్ట్ విరిగితే కొత్తది ఇచ్చేవాళ్లుండరు, మెషిన్ ఆగితే మాట పడేది ఆపరేటరే. అందుకని మెషిన్లకు టూల్స్ బిగించే సెట్టర్లు స్టోర్స్ మూసేముందు హడావుడిలో, చీటీ రాయకుండా రెండు మూడు పెట్టెలు ఎక్కువ తీసుకుని సొంత టూల్‌బాక్సుల్లో దాచుకుంటున్నారు. ఇది దొంగతనం కాదు. నైట్ షిఫ్టుకు స్టోర్స్ లేని లోటును వాళ్లు తమకు తోచినట్టు పూడ్చుకుంటున్నారు. 32 కెమెరాలు పెట్టి ఉంటే వీళ్లందరూ దొంగలుగా దొరికేవారు.

రెండోది శనివారం మధ్యాహ్నానికీ సోమవారం పొద్దుటికీ మధ్య. తుక్కు బండి వచ్చేది శనివారం మధ్యాహ్నమే.

అక్క చూసింది

షాప్‌ఫ్లోర్‌లో ఇరవై మందితో విడివిడిగా మాట్లాడాను. ‘ఎవరు తీస్తున్నారు’ అని ఒక్కర్నీ అడగలేదు. ‘ఇక్కడ ఏదైనా బయటికి పోవాలంటే ఎటునుంచి తేలిక?’ అన్నదే అందరికీ వేసిన ప్రశ్న. చాలామంది భుజాలు ఎగరేశారు. హౌస్‌కీపింగ్‌లో యాభై దాటిన ఒక అక్క మాత్రం చీపురు గోడకు ఆనించి చాలాసేపు నన్నే చూసింది.

"తుక్కు కాడ కొత్త డబ్బాలు ఖాళీవి పడుంటయి సార్. శనివారం శనివారం నేనే ఊడుస్త."

"ఎన్నాళ్ల నుంచి అక్కా?"

"సంకురాత్రి ముంగట్నుంచి."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరు అడిగిండ్రు? రోజూ పోయేటప్పుడు నా సద్ది డబ్బా మూత తీసి, చెంచా పెట్టి కలిపి చూస్తరు. దొంగ లెక్క చూసేటోళ్లకు నేనేం చెప్త?"

ఈ కేసు మొత్తంలో నన్ను నిలబెట్టేసిన మాట అది. కోహెన్, ఫెల్సన్ ‘అడ్డుకోగలవాళ్లు’ అన్నప్పుడు వాళ్ల ఉద్దేశంలో ఉన్నది యూనిఫాం వేసుకున్న గార్డు ఒక్కడే కాదు. ఇంట్లో ఉన్న మనిషి, పక్కింటివాళ్లు, దారినపోయేవాళ్లు, ఎవరి ఉనికి వల్ల నేరం జరగదో వాళ్లందరూ ఆ లెక్కలోకి వస్తారు. ఆ యూనిట్లో ప్రతి శనివారం తుక్కు పక్కనే నిలబడ్డ కాపలా మనిషి ఆ అక్కే. ఆమె నోటిని మూయించింది మన గేటు.

గేటు సంగతి కూడా చెప్పాలి. గార్డులకు పన్నెండు గంటల డ్యూటీ. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల 2005 చట్టం కింద వచ్చిన నమూనా నిబంధనల ప్రకారం గార్డుకు 100 గంటలు తరగతిలో, 60 గంటలు ఫీల్డులో శిక్షణ ఉండాలి. అక్కడి గార్డులతో మాట్లాడితే, యూనిఫాం ఇచ్చి మర్నాడే గేటు మీద నిలబెట్టారని చెప్పారు. కాబట్టి వాళ్లకు తెలిసిన తనిఖీ ఒక్కటే: తిరిగి మాట్లాడలేనివాళ్ల సంచులు చూడటం. కార్లు ఆపరు. తుక్కు బండి ఎక్కరు. ఒక్కడే గార్డు గేటు చూస్తూ, మధ్యమధ్య 24 బొమ్మల తెర కూడా చూడాలి. గడియారం ముల్లు అప్పుడప్పుడు ఒక గంతు ఎక్కువ వేస్తే గుర్తించాలని నార్మన్ మాక్‌వర్త్ 1948లో ప్రయోగం చేస్తే, మొదటి అరగంటలోనే మనుషుల చూపు పట్టు తప్పింది. మనం ఆ గార్డును పన్నెండు గంటలు చూడమంటున్నాం.

ఆ శనివారం తుక్కు బండి రాకముందే, యజమాని, నేను, క్వాలిటీ విభాగం నుంచి ఒకామె కలిసి అరిగిన ఇన్సర్ట్‌ల డబ్బాలను తార్పాలిన్ మీద కుమ్మరించాం. పైన నల్లగా మాసిన ముక్కలు. అడుగున ఒక్క అంచు కూడా అరగని బంగారు రంగు ముక్కలు. క్వాలిటీ ఆమె లూప్ (కంటికి పెట్టుకునే భూతద్దం) పెట్టి ఒక్కొక్కటే చూసి వేరు చేసింది. యజమాని చాలాసేపు మాట్లాడలేదు.

కాంటా దగ్గర నిలబడేది స్టోర్స్‌లో పదకొండేళ్లుగా ఉన్న అసిస్టెంటు. గేటు దగ్గర అతన్ని ఎవరూ తనిఖీ చెయ్యరు, ఎవరూ అనుమానించలేదు. తీస్తున్నది అతనే. నమ్మకాన్ని వమ్ము చేసి జైలుపాలైన ఉద్యోగులతో మాట్లాడి డొనాల్డ్ క్రెస్సీ 1953లో రాసిందే మళ్లీ ఎదురైంది: ఎవరికీ చెప్పుకోలేని ఇబ్బంది, చేతిలో ఉన్న అవకాశం, మనసుకు చెప్పుకునే సర్దుబాటు మాట. ఇతను చీటీ పాడుకుని ఆ డబ్బు బావమరిది వ్యాపారంలో పోగొట్టుకున్నాడు, ఇంట్లో తెలియదు. నాతో అన్నది: "అవి ఎట్లయినా తుక్కుల పొయ్యేటియే గదా సార్."

మార్చినవి

క్లార్క్, డెరెక్ కార్నిష్ 2003లో నేర నివారణ పద్ధతుల్ని 25గా లెక్కకట్టి ఐదు గుంపులు చేశారు: శ్రమ పెంచడం, పట్టుబడే భయం పెంచడం, దక్కేది తగ్గించడం, రెచ్చగొట్టే పరిస్థితి తగ్గించడం, సాకులు లేకుండా చెయ్యడం. మేం పెద్ద ఖర్చు లేనివే ఎంచుకున్నాం.

అరిగిన ఇన్సర్ట్‌లకు పైన సన్నటి గాడి ఉన్న, తాళం వేసిన ఇనుప డబ్బాలు చేయించాం. వెయ్యడమే తప్ప చెయ్యి పెట్టడానికి వీల్లేదు. వాటిని ఫ్లోర్‌లో మొదటిరోజే ‘హుండీ’ అన్నారు, ఆ పేరే నిలిచింది. తాళం క్వాలిటీ విభాగం దగ్గర, కాంటా స్టోర్స్ దగ్గర. అరిగిన పది ఇస్తే కొత్తవి పది. నైట్ షిఫ్టుకు స్టోర్స్ కిటికీ తెరిచి ఒక హెల్పర్‌ను పెట్టాం. తుక్కు బండికి ప్రతిసారీ అదే రోజు, అదే మనిషి అన్నది తీసేశాం. తుక్కు డబ్బు చేతికి కాకుండా ఖాతాలోకి.

టూల్‌బాక్సుల్లో దాచుకున్నవాటి కోసం ఒక శుక్రవారం స్టోర్స్ ముందు బల్ల వేసి, "ఎవరినీ అడగం, పేరు రాయం, తెచ్చి పెట్టండి" అని సెట్టర్లందరికీ యజమాని చేతే చెప్పించాను. పేరు రాయం అన్నమాట నిలబడాలని బల్ల దగ్గర మేమెవరం నిలబడలేదు. పొద్దుపోయేసరికి బల్ల మీద 31 పెట్టెలున్నాయి.

అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది గేటు తనిఖీ మీద. తడిమి చూడటం పూర్తిగా తీసేయమన్నాను. బదులుగా ఒక గుడ్డసంచిలో పచ్చవి, ఎర్రవి పూసలు. బయటికి వెళ్లేవారెవరైనా ఒకటి తియ్యాలి. పచ్చదైతే వెళ్లొచ్చు, ఎర్రదైతే సంచీ అయినా కారు డిక్కీ అయినా తెరిచి చూపించాలి. ఆడవాళ్లను మహిళా గార్డే, చాటు గదిలోనే చూడాలి. ‘ఎవరైనా’ అంటే యజమానితో సహా. ఆయనకు ఇది మింగుడుపడలేదు. రెండురోజులు ఫోన్ ఎత్తలేదు. మూడోరోజు ఒప్పుకున్నారు.

రెండో వారంలో ఆయనకు ఎర్రపూస వచ్చింది. షిఫ్టు వదిలే వేళ, గేటు దగ్గర అరవైమంది ఉన్నారు. కారు దిగి, తనే డిక్కీ తెరిచి, గార్డు స్టెప్నీ దాకా ఎత్తి చూసేదాకా పక్కన నిలబడ్డారు. గార్డు చేతులు వణికాయి. ఆ రోజు నేను అక్కడ లేను. ఈ సంగతి నాకు ఫోన్ చేసి చెప్పింది హౌస్‌కీపింగ్ అక్క. అంతకుముందు ఆమె నాకెప్పుడూ ఫోన్ చెయ్యలేదు.

కెమెరాలు వద్దని నేను అనలేదు. ‘ఒక సీసీ కెమెరా వందమంది పోలీసులతో సమానం’ అని మన కాలనీ బోర్డుల మీద చదువుతూనే ఉంటాం. జరిగిన నేరాన్ని ఛేదించడంలో కెమెరా చేసే మేలు నాకు బాగా తెలుసు. కానీ నివారణ వేరే లెక్క. నలభై ఏళ్ల అధ్యయనాలను కలిపి చూసిన 2019 సమీక్షలో కెమెరాలున్నచోట నేరాలు సగటున 13 శాతం తగ్గాయి, ఎక్కువ ప్రభావం పార్కింగ్ స్థలాల్లో. కెమెరాను మనిషి కనిపెట్టుకుని చూస్తూ, ఇతర చర్యలు కూడా తోడైనచోటే ఫలితం బాగుంది. కాబట్టి కొత్తవి 32 బదులు రెండు పెట్టించాను: కాంటా పైన ఒకటి, తుక్కు బండి ఎక్కించే చోట ఒకటి. మిగిలిన డబ్బుతో గార్డులను ఎనిమిది గంటల షిఫ్టుకు మార్చారు.

ఓవర్‌టైం విషయం నన్నెవరూ అడగలేదు, అయినా రిపోర్టులో రాశాను. ఆ జనవరి నుంచి ఓటీని బేసిక్ మీద మాత్రమే లెక్కకట్టడం మొదలుపెట్టారు, ఎవరికీ చెప్పకుండా. అప్పటికి వర్తించే 1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ అలవెన్సులు కూడా కలిసిన మామూలు వేతనానికి రెట్టింపు ఇవ్వాలనేది. జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ 1990లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. అమెరికాలో ఒకే సంస్థకు చెందిన ప్లాంట్లలో పదివారాలు 15 శాతం జీతం కోశారు. ఒకచోట గంటన్నర కూర్చుని ఎందుకో లెక్కలతో, బాధతో చెప్పారు. ఇంకోచోట పావుగంటలో ముక్తసరిగా ముగించారు. కోత రెండుచోట్లా ఒకటే. దొంగతనం బాగా పెరిగింది ముక్తసరిగా చెప్పినచోట. మన అసిస్టెంటు తియ్యడానికి ఓటీ కారణం కాదు, అతనికి ఓటీయే లేదు. కానీ ఖాళీ పెట్టెలు చూసినవాళ్లు అక్క ఒక్కతే కాదు, ఇంకో ముగ్గురున్నారు. వాళ్లెందుకు చెప్పలేదో నాకు అక్కడ అర్థమైంది. బకాయిలు రెండు విడతల్లో చెల్లించారు. లెక్క ఎలా కడతారో తెలుగులో, హిందీలో నోటీసుబోర్డు మీద పెట్టారు.

తర్వాత

మూడు నెలలు అదే నోట్‌బుక్, అవే ఎనిమిది రకాలు. శనివారం తేడా పూర్తిగా ఆగింది. మామూలు రోజుల్లో అప్పుడప్పుడు ఒక పెట్టె అటూఇటూ అవుతోంది, ఎక్కువగా రాత్రి చీటీ రాయడం మరిచిపోయి.

"ఇక్కడ కట్టేస్తే ఇంకోచోట కన్నం పెడతారుగా" అని యజమాని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. రాబ్ గ్యురెట్, కేట్ బవర్స్ 2009లో 102 మూల్యాంకనాలను పరిశీలిస్తే, నేరం పక్కకు జరిగిన సందర్భాలు 26 శాతం పరిశీలనల్లోనే కనిపించాయి. మేలు పక్కకు కూడా పాకిన సందర్భాలు 27 శాతం. కానీ ఆ అంకెలు చూసి చేతులు కట్టుకుని కూర్చోకూడదని డ్రిల్ బిట్లు, రాగి తీగ కూడా లెక్కలో చేర్చాం. ఆ రెండూ తగ్గలేదు.

పేరు చెప్పకుండా సమాచారం ఇవ్వడానికి ఒక నంబరు పెట్టాం, అది యజమానిది కాదు. వృత్తిపరమైన మోసాల మీద ఏసీఎఫ్‌ఈ (మోసాలను పరిశోధించే నిపుణుల అంతర్జాతీయ సంఘం) 2024 నివేదికలో 43 శాతం మోసాలు ఎవరో ఒకరు చెప్పడం వల్లే బయటపడ్డాయి, చెప్పినవాళ్లలో సగానికి పైగా ఉద్యోగులే. ఆ నంబరుకు మొదటి నెలలో వచ్చిన కాల్ దొంగతనం గురించి కాదు. రాత్రిపూట వెనకవైపు దారిలో దీపం లేదని, ఆడవాళ్లు బస్టాపు దాకా గుంపుగా నడవాల్సి వస్తోందని. దీపం మూడురోజుల్లో వెలిగింది.

ఒక విషయంలో యజమానికీ నాకూ ఇప్పటికీ కుదరలేదు. ఉద్యోగి యజమాని సొత్తు దొంగిలిస్తే అప్పటి ఐపీసీ 381 కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉండేది. 2024 జులై 1 నుంచి అదే నేరం భారతీయ న్యాయ సంహిత 306లో ఉంది. ఆయన ఫిర్యాదు చెయ్యలేదు. రావలసిన బాకీల్లో సర్దుకుని అసిస్టెంటును పంపేశారు. అంతవరకు ఆయన ఇష్టం. కానీ తుక్కు వ్యాపారిని కూడా ఊరికే వదిలేశారు. మెరిసే ముక్కలు కొన్నవాడికి అవి తుక్కు కాదని తెలియకుండా ఉండదు. కొనేవాడు లేకపోతే ఆ అసిస్టెంటు డబ్బాలో వేసేదేముంది? ఆ వ్యాపారి మీద పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వమని రెండుసార్లు రాతపూర్వకంగా చెప్పాను. అతని బండి ఇప్పుడు రెండు వీధుల అవతల ఇంకో యూనిట్లో శనివారం శనివారం ఆగుతోంది.

ఆ యూనిట్ మేనేజరుకు హుండీ డబ్బా కొలతలు, నోట్‌బుక్కు గడుల నమూనా పంపించాను. ముందు వాళ్ల తుక్కు ఏ రోజు పోతుందో, కాంటా దగ్గర ఎవరుంటారో, శనివారం సాయంత్రం అక్కడ ఊడ్చేది ఎవరో కనుక్కుని చెప్పమన్నాను. మూడో ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.